సంతోషానికి ప్రాచీనులు చెప్పిన సాధన: ఒక నోట్‌బుక్‌తో నెల రోజులు ఎలా చేయాలి

"ఎపిక్యూరస్ గురించి చదివాం, సెనెకా గురించి విన్నాం. అంతా బాగుంది. కానీ రేపు పొద్దున్న లేచి ఏం చేయాలండీ?" భీమవరం నుంచి, అమలాపురం నుంచి, యానాం నుంచి ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. అడిగేవాళ్లలో రొయ్యల చెరువులు చేసేవాళ్లున్నారు, టీచర్లున్నారు, పిల్లలు ఎక్కడో దూరాన ఉంటే ఇంట్లో ఇద్దరే మిగిలిన పెద్దవాళ్లున్నారు. అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. గ్రీసు, రోము తత్వవేత్తల లెక్కలో సంతోషం అంటే మొత్తం మీద బాగా బతకడం. కసరత్తు చేస్తే ఒళ్లు గట్టిపడినట్టు, రోజూ చేసే చిన్న చిన్న అలవాట్లతో మనిషి బాగుపడతాడని వాళ్లు నమ్మారు. అందుకే పాఠాలతో పాటు అభ్యాసాలు కూడా ఇచ్చి వెళ్లారు. మనకి కావలసింది ఆ అభ్యాసాలు.

కావలసినవి

- ఒక లాంగ్ నోట్‌బుక్. తేదీలు అచ్చువేసిన డైరీ వద్దు. నాలుగు రోజులు రాయకపోతే ఆ ఖాళీ పేజీలు చూసి అసలే మానేస్తారు.
- పెన్ను. ఫోన్‌లో రాయొద్దు. నోట్స్ తెరిచిన వేలు రెండో నిమిషంలో వాట్సాప్ మీదకి పోతుంది.
- పొద్దున్న రెండు నిమిషాలు, రాత్రి పది నిమిషాలు.
- మీ ముఖం మీద నిజం చెప్పగలిగే మనిషి ఒకరు. భార్య, భర్త, తమ్ముడు, చిన్ననాటి స్నేహితుడు, ఎవరైనా సరే.
- నెల రోజుల ఓపిక.

పుస్తకాలు చదివి ఉండక్కర్లేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేవక్కర్లేదు.

ముందు ఒక హెచ్చరిక. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, చచ్చిపోవాలనిపిస్తున్నా ఈ నోట్‌బుక్ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరకి వెళ్లండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416కి ఫోన్ చేస్తే డబ్బు తీసుకోకుండా మాట్లాడతారు. తత్వం మందుకి బదులు కాదు.

1. కోరికల పేజీ రాయండి (మొదటి ఆదివారం, గంటసేపు)

ఇది ఎపిక్యూరస్ పద్ధతి. ఆయన క్రీ.పూ. 341లో సామోస్ దీవిలో పుట్టాడు. తర్వాత ఏథెన్సులో ఒక తోట కొని, స్నేహితులతో కలిసి అక్కడే బతికాడు. ఆ తోటలోకి ఆడవాళ్లనీ బానిసలనీ కూడా రానిచ్చాడు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. తిని తాగి మజా చేయమన్నాడని లోకంలో ఆయనకొక చెడ్డపేరుంది. నిజానికి రొట్టె, నీళ్లతో సరిపెట్టుకున్న మనిషి. "ఒక చిన్న కుండెడు చీజ్ పంపు, విందు చేసుకోవాలనిపించినప్పుడు చేసుకుంటాను" అని స్నేహితుడికి ఉత్తరం రాశాడు.

పేజీని నిలువుగా మూడు గడులు చేయండి.

మొదటి గడి: సహజమైనవి, తప్పనిసరివి. ఆకలికి అన్నం, తాగే నీళ్లు, కురవని ఇల్లు, జబ్బుకి మందు, కష్టం చెప్పుకోవడానికి మనిషి.

రెండో గడి: సహజమైనవే, కానీ లేకపోతే బతుకు ఆగదు. మంచి రుచులు, మెత్తటి పరుపు, ఏసీ.

మూడో గడి: ఎంత వచ్చినా చాలనిపించనివి. పేరు, పంతం, ఎదురింటి కంటే ఒక అంతస్తు ఎక్కువ.

ఇప్పుడు మీ మనసులో తిరుగుతున్న కోరికలన్నీ ఒక్కొక్కటీ ఏదో ఒక గడిలో వేయండి. ఎక్కడ వేయాలో తెలియకపోతే ఎపిక్యూరస్ ఇచ్చిన పరీక్ష పెట్టండి: ఇది తీరితే నాకేమవుతుంది, తీరకపోతే ఏమవుతుంది?

ఒకటి చేసి చూపిస్తాను. కొత్త అల్లుడికి సంక్రాంతికి వంద రకాల వంటలు పెట్టాలన్న కోరిక తీసుకోండి. తీరితే: ఫొటోలు తీస్తారు, చుట్టాల్లో రెండు రోజులు చెప్పుకుంటారు, అల్లుడు పదో పన్నెండో రుచి చూస్తాడు, మిగతావి గిన్నెల్లోనే ఉండిపోతాయి. తీరకపోతే: గుత్తొంకాయ, కోడి పలావు, పెరుగావడ, నాలుగు పూతరేకులు వేసి కూర్చోబెడతారు, అల్లుడు కడుపునిండా తింటాడు, అత్తగారికి వంటింట్లో నడుం విరగకుండా కూతురి పక్కన కూర్చునే తీరిక దొరుకుతుంది. చూడండి, ఒకే కోరికలో రెండు ముక్కలున్నాయి. అల్లుడి మీద అభిమానం మొదటి గడిలోది. వంద అన్న అంకె మూడో గడిలోది. చాలా కోరికలు ఇలాగే అతుక్కుని ఉంటాయి. విడదీసి రాయండి. ఈ పేజీలో అసలు పని అదే.

ఇక్కడ రెండు రకాల తప్పులు జరుగుతాయి. కొందరు ఉత్సాహంలో పిల్లల ఫీజు దగ్గర్నుంచి సాయంత్రం టీ దాకా అన్నీ మూడో గడిలో పడేస్తారు. అది ఎపిక్యూరస్ చెప్పింది కాదు. ఎప్పుడూ కొంచెంతోనే బతకమని ఆయన అనలేదు, ఎక్కువ దొరకనప్పుడు కొంచెంతో తృప్తి పడటం వచ్చి ఉండాలన్నాడు. పులస సంగతే చూడండి. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న సామెత మన గోదావరిదే. ఎర్రనీళ్లకి ఎదురీది వచ్చిన చేప దొరికిన ఏడు ఇష్టంగా పులుసు పెట్టుకోండి, అది రెండో గడి. అమ్మడానికి పుస్తెలు తీశారంటే మాత్రం అదే చేప మూడో గడిలోకి దూకేసింది. రెండో రకం తప్పు దీనికి తిరగేసింది: కొత్త కారు, మార్బుల్, ఫ్లెక్సీ మీద బొమ్మ, అన్నీ "తప్పదండీ" అంటూ మొదటి గడిలో వేయడం. మొదటి గడిలో పదికి మించి ఉంటే పేజీ ఇంకోసారి రాయండి.

2. పొద్దున్న రెండు నిమిషాలు: వెళ్లబోయే చోటు గురించి

ఎపిక్టెటస్ రోములో బానిసగా పెరిగాడు. కాలు కుంటి. డొమిషియన్ చక్రవర్తి తత్వవేత్తలను ఊళ్లోంచి వెళ్లగొడితే గ్రీసులోని నికోపొలిస్‌కి పోయి పాఠశాల నడిపాడు. స్వయంగా ఏమీ రాయలేదు, శిష్యుడు అరియన్ రాసిపెట్టిందే మనకి మిగిలింది. అందులో ఒక సలహా ఉంది. బహిరంగ స్నానశాలకి బయల్దేరే ముందు అక్కడ మామూలుగా ఏం జరుగుతుందో తలచుకో అంటాడు: నీళ్లు చల్లుతారు, తోస్తారు, తిడతారు, వస్తువులు ఎత్తుకుపోతారు. పుష్కరాల రేవులో మునిగినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 2027లో మళ్లీ వస్తున్నాయి కాబట్టి అప్పటికి పనికొస్తుంది కూడా.

చేయాల్సింది ఇంతే. ఈరోజు మీకు చిరాకు తెప్పించే అవకాశం ఉన్న చోటు ఒక్కటి ఎంచుకోండి. అక్కడ మామూలుగా జరిగేవి రెండు మూడు చెప్పుకోండి. తర్వాత మీరు వెళ్తున్నది ఏ రెండు పనులకో చెప్పుకోండి. పెళ్లికి వెళ్తున్నారనుకోండి:

"పాలకొల్లు పెళ్లికి వెళ్తున్నాను. పెదమామయ్య నలుగురిలో 'అబ్బాయికి ఇంకా ఉద్యోగం రాలేదేంట్రా' అంటాడు. వదిన చీర కొంగు పట్టుకుని రేటు అడుగుతుంది. భోజనాల దగ్గర తోపులాట ఉంటుంది. నేను వెళ్తున్నది పిల్లని ఆశీర్వదించడానికి, నా బుద్ధి చెడగొట్టుకోకుండా ఇంటికి రావడానికి."

క్రీ.శ. 161 నుంచి 180 దాకా రోమును ఏలిన మార్కస్ ఆరీలియస్ కూడా ఇదే చేసేవాడు. ఈరోజు అనవసరంగా తలదూర్చేవాళ్లు, కృతజ్ఞత లేనివాళ్లు, పొగరుబోతులు ఎదురవుతారని పొద్దున్నే తనకి తాను చెప్పుకొమ్మని రాసుకున్నాడు. జాగ్రత్త, చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆగితే అది పొద్దున్నే జనాన్ని తిట్టుకునే జాబితా అయిపోతుంది. ఆయన దాని వెంటనే ఇంకో మాట రాశాడు: వాళ్లూ నా బంధువులే, కలిసి పనిచేయడానికే పుట్టాం. ఆ రెండో సగం లేకుండా ఈ అభ్యాసం చేయొద్దు. రెండు నిమిషాలు దాటనివ్వొద్దు కూడా. దాటితే అది టెన్షన్ పడటమే.

3. దెబ్బ తగిలినప్పుడు: చేతిలో ఉన్నదీ, లేనిదీ

ఎపిక్టెటస్ మాటలతో అరియన్ కూర్చిన చిన్న పుస్తకం మొదలయ్యేదే ఇలా: కొన్ని మన చేతిలో ఉన్నాయి, కొన్ని లేవు. మన అభిప్రాయం, పూనిక, కోరిక, అయిష్టం మన చేతిలోవి. ఒళ్లు, ఆస్తి, పేరు, పదవి మన చేతిలోవి కావు.

వినడానికి సులువు. నోట్‌బుక్‌లో పెడితేనే దీని బలం తెలుస్తుంది. వనామీ రొయ్య వేసిన రైతు పేజీ ఎలా ఉంటుందో చూడండి.

చేతిలో లేనివి: పట్టుబడి నాటి కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేటు. అమెరికా వేసే సుంకం. పక్క చెరువుకి తగిలిన వైట్ స్పాట్ జబ్బు. అల్పపీడనం. కరెంటు పోవడం.

చేతిలో ఉన్నవి: సీడ్ (రొయ్య పిల్లలు) వేసే ముందు పరీక్ష చేయించడం. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే వేళకి లేచి చూడటం. కరెంటు పోతే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగకుండా జనరేటర్‌లో డీజిల్ ఉంచడం. మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలో మేత మిగిలితే తగ్గించడం. వచ్చే పంటకి ఎన్ని ఎకరాలు లీజుకి తీసుకోవాలన్న నిర్ణయం. రేటు పడిందని తెలిసిన సాయంత్రం ఇంటికొచ్చి పిల్లల మీద అరవడమా, మానడమా.

ఆఖరి రెండింటిని జనం ఎప్పుడూ వదిలేస్తారు. రేటు గురించి గంటలు మాట్లాడతారు, లీజు తమ సొంత నిర్ణయమని మర్చిపోతారు. మీ పేజీలో "చేతిలో ఉన్నవి" గడి "చేతిలో లేనివి" గడి కంటే పొట్టిగా ఉంటే పని పూర్తి కాలేదని అర్థం. మళ్లీ వెతకండి.

అన్నిటికంటే ఎక్కువ మంది చేసే తప్పు ఇదిగో, ఇక్కడే. "మన చేతిలో ఏముందండీ, అంతా రాత" అని చేతులు ముడుచుకోవడం. ఈ అభ్యాసం చెప్పేది సరిగ్గా దానికి ఎదురు. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఎగరేస్తారు. నీళ్లు రావడం నది మధ్య లంక ఊళ్లలో ఎవరి చేతిలోనూ లేదు. మొదటి హెచ్చరికకే గేదెల్ని గట్టెక్కించడం, పట్టాదారు పుస్తకాలు, ఆధార్ కార్డులు ప్లాస్టిక్ కవర్లో కట్టడం, ముసలాయన్ని ముందే పడవెక్కించడం చేతిలో ఉన్నవి. స్టోయిక్కులు (ఎపిక్టెటస్, మార్కస్, సెనెకా ఈ తత్వ శాఖవాళ్లే) దీనికి విలుకాడిని చూపేవారు: గురి సరిగ్గా చూసి బాణం వదలడం దాకా అంతా అతని పనే, తగలడం ఒక్కటే అతని చేతిలో లేదు.

ఇంకో హెచ్చరిక. దీన్ని ఎదుటివాళ్ల మీద ప్రయోగించొద్దు. పంట మునిగినాయన పక్కన కూర్చుని "అది మీ చేతిలో లేదు కదా బావగారూ, బాధపడకండి" అంటే అది తత్వం కాదు, పుండు మీద కారం. మీ పేజీ మీకే.

4. రాత్రి పది నిమిషాలు: లెక్క చూసుకోవడం

నెలలో ఒక్కటే చేయగలను అనేవాళ్లు ఇది చేయండి.

సెనెకా రోములో నీరో చక్రవర్తికి గురువుగా, సలహాదారుగా ఉండి, చివరికి క్రీ.శ. 65లో ఆ నీరో ఆజ్ఞ మీదే ప్రాణం తీసుకోవాల్సి వచ్చినవాడు. కోపం గురించి రాసిన గ్రంథంలో తన రాత్రి అలవాటు చెప్పాడు. సెక్స్‌టియస్ అనే తత్వవేత్త పద్ధతి అది. దీపం తీసేశాక, ఆయన అలవాటు తెలిసిన భార్య మాట్లాడకుండా ఊరుకున్నాక, రోజంతా తిరగేసి చూసుకునేవాడు. ఏదీ దాచేవాడు కాదు. సెక్స్‌టియస్ వేసుకున్న ప్రశ్నలు మూడు:

ఈరోజు నాలోని ఏ చెడుకి మందు వేశాను?
ఏ తప్పుని ఎదిరించాను?
ఎందులో మెరుగయ్యాను?

ఒక్కో దానికి ఒక్కో వాక్యం రాయండి. లేకపోతే "లేదు" అని రాయండి. తర్వాత ఈరోజు జరిగిన తప్పు ఒక్కటి, దాని కింద "రేపు" అని రాసి చేయబోయే పని ఒక్కటి. ఉదాహరణకి:

"మాత్ర వేసుకోలేదని ఫోన్‌లో నాన్నగారిని గద్దించాను. ఆయన 'సరేలే' అని పెట్టేశారు. రేపు: ముందు భోజనం చేశారా, మోకాలి నొప్పి ఎలా ఉంది అని అడిగి, ఆ తర్వాత మాత్ర మాట ఎత్తుతాను."

ఎంత చిన్న విషయమో చూశారా? ఇంత చిన్నదే రాయాలి. "ఈరోజు కోపంగా ఉన్నాను, రేపట్నుంచి ప్రశాంతంగా ఉంటాను" అని రాస్తే రేపు చేయడానికి ఏమీ లేదు. సెనెకా రాసుకున్న తప్పులూ ఇలాంటివే: వాదనలో మరీ దూకుడుగా మాట్లాడాను, ఒకాయన్ని అవసరానికి మించి ముక్కుసూటిగా మందలించాను, ఆయన బాగుపడలేదు సరికదా నొచ్చుకున్నాడు. అప్పుడు తనతో తాను అనుకునేవాడు: ఈసారికి క్షమిస్తున్నాను, మళ్లీ చేయకు.

పేజీ తప్పు దారి పట్టిందని ఎలా తెలుస్తుందంటే:

- వాక్యాల్లో "వాడు", "ఆవిడ", "వాళ్లు" ఎక్కువగా కనిపిస్తాయి. అప్పుడు మీరు రాస్తున్నది ఎదుటివాళ్ల లెక్క. కొట్టేసి "నేను"తో మొదలుపెట్టండి.
- "నేనెప్పుడూ ఇంతే", "నా వల్ల కాదు" లాంటివి వస్తాయి. సెనెకా క్షమించుకున్నది ఊరికే కాదు. తిట్టుకునేవాడు నాలుగో రోజుకి నోట్‌బుక్ తెరవడు.
- పేజీ దాటిపోతుంది. పది నిమిషాలకి మూసేయండి.
- స్టేటస్‌లో పెట్టాలనిపిస్తుంది. పెడితే మరునాటి నుంచి జనం మెచ్చే తప్పులే రాస్తారు.

రాయడం కుదరనివాళ్లకి వేరే దారులున్నాయి. పైథాగరస్ అనుయాయుల పద్ధతి నోటితోనే: ఎక్కడ తప్పాను, ఏం చేశాను, చేయాల్సింది ఏది వదిలేశాను అని నిద్రకి ముందు రోజుని మూడుసార్లు తిప్పుకోవడం. చదువు రాని అమ్మమ్మ కూడా చేయొచ్చు. రాత్రంతా చెరువు గట్టున కాపలా ఉండేవాళ్లు పొద్దున్న పడుకోబోయే ముందు చేసుకోండి. రోజూ అసలు కుదరదంటే పదిహేను రోజులకోసారి, అమావాస్యకీ పౌర్ణమికీ చేయండి. బౌద్ధ భిక్షువులు ఆ రెండు రోజుల్లోనే నియమాలు చదువుకుని తప్పులు ఒప్పుకునేవారు. కోనసీమలో వైనతేయ ఒడ్డున ఆదుర్రులో స్తూపం, విహారాల శిథిలాలు ఉన్నాయి కదా, అంటే ఇలాంటి సాధన మన నేలకి కొత్త కాదు.

5. నెలకి ఒక్క గుణం, వారానికి ఒక్క స్నేహితుడు

ఇది అరిస్టాటిల్ వంతు. న్యాయమైన పనులు చేస్తూ చేస్తూ న్యాయంగల మనిషి అవుతాడని ఆయన మాట. రెండు వారాల రాత్రి పేజీలు తిరగేసి, ఎక్కువసార్లు కనిపించిన తప్పు ఒక్కటి పట్టుకోండి. అది ఎటు వంగి ఉందో చూసి కొన్నాళ్లు కావాలనే దానికి ఎదురు వైపు లాగండి. వంకర కర్రని సరిచేసేవాళ్లు అలాగే చేస్తారని ఆయనే చెప్పాడు. చేయి జారిపోయేంత ఖర్చు చేసేవారైతే నెలరోజులు కొంచెం పిసినారిగా ఉండండి. అడిగిన ప్రతివాళ్లకీ మొహమాటపడి హామీ సంతకం పెట్టేవారైతే ఈ నెల ఎవరికీ పెట్టకండి. రెండు గుణాలు ఒకేసారి పట్టుకోవద్దు.

స్నేహితుడి సంగతి తేలిగ్గా తీసుకోకండి. అరిస్టాటిల్ నీతిశాస్త్రంలోని పది భాగాల్లో రెండు స్నేహానికే ఇచ్చాడు. వారానికి ఒక సాయంత్రం ఒకరి దగ్గరకి పని లేకుండా వెళ్లండి. అప్పు మాట, పెళ్లి సంబంధం మాట, స్థలం మాట ఎత్తకుండా గంటసేపు కూర్చోండి. కాలువ గట్టు మీద నడిచినా సరే.

ఒక విషయంలో ప్రాచీనులు ఒకరితో ఒకరు ఏకీభవించలేదు. మంచి గుణం ఉంటే చాలు, డబ్బూ ఆరోగ్యమూ లేకపోయినా సంతోషం పోదని స్టోయిక్కులు అన్నారు. కొంత ఆస్తి, ఆరోగ్యం, అయినవాళ్లు ఉండి తీరాలని అరిస్టాటిల్ అన్నాడు. నేను అరిస్టాటిల్ పక్షం. కౌలు కట్టలేక సతమతమయ్యే మనిషికి ముందు కావలసింది కౌలు తగ్గడం. నోట్‌బుక్ దానికి తోడుగా ఉండొచ్చు, బదులుగా ఉండలేదు.

ఫలితం ఎలా చూసుకోవాలి

"నేను సంతోషంగా ఉన్నానా?" అని రోజూ మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోకండి. వాన పడితే ఒక జవాబు, ఎండ కాస్తే ఒక జవాబు వస్తుంది. నెల చివర ఇవి చూడండి:

- కోపం వచ్చాక మామూలు మనిషి కావడానికి ఎంతసేపు పడుతోంది? మొదటి వారంలో రెండు రోజులు మాట్లాడకుండా ఉన్నవారు ఇప్పుడు సాయంత్రానికి మాట్లాడుతుంటే పని జరుగుతోంది. కోపమే రాకూడదని చూడకండి.
- మూడో గడిలోని కోరిక ఒక్కటైనా నిజంగా వదిలేశారా? డబ్బులో లెక్క కట్టండి.
- "రేపు" అని రాసినవాటిలో సగమైనా మర్నాడు చేశారా?
- నిద్ర. ఈ లెక్క చూసుకున్నాక పట్టే నిద్ర ఎంత హాయిగా ఉంటుందో సెనెకా ప్రత్యేకంగా చెప్పాడు.
- నిజం చెప్పే ఆ ఒక్క మనిషిని అడగండి: "నెల నుంచి నాలో ఏమైనా తేడా కనిపించిందా?" మధ్యలో అడ్డుపడకుండా వినండి. మీ పేజీలు ఒకటి చెప్పి వాళ్లు ఇంకొకటి చెబితే వాళ్ల మాటే తీసుకోండి.

ఏ మార్పూ లేకపోతే పొద్దున్న అభ్యాసం, కోరికల పేజీ ఆపేసి, రాత్రి లెక్క ఒక్కటే ఇంకో నెల చేయండి. ఎక్కువమంది చతికిలపడేది అన్నీ ఒకేసారి ఎత్తుకోవడం వల్లే.

"ఇదంతా గీతలో ఉన్నదే కదండీ?" అని తప్పకుండా అడుగుతారు. పని మీద అధికారమే గానీ ఫలం మీద లేదన్న మాటకీ ఎపిక్టెటస్ మాటకీ దగ్గర పోలిక ఉంది. దారులు మాత్రం వేరు: అక్కడ కర్మని భగవంతుడికి అర్పించడం ఉంది, ఇక్కడ సొంత వివేచనకి లోబడటం ఉంది. గీత రోజూ చదివేవాళ్లు చదువుతూనే ఉండండి, రాత్రి లెక్క దానికి అడ్డం రాదు.

ఇక ఒకే తప్పు వారం తర్వాత వారం పేజీలో కనబడుతుంటే, "రేపు" కింద ఈసారి ఇంకో వాక్యం రాయకండి. ఆ తప్పు జరిగే చోటు, వేళ, పక్కన ఉండే మనుషులు రాయండి. రాత్రి ఎనిమిదింటికి, అన్నం ముందు, ఆకలితో ఉన్నప్పుడే పిల్లల మీద అరుస్తున్నారని తేలితే, అన్నం ఏడున్నరకి తినండి.